తీయడం ఒక్క క్షణం, దాచడం ఏళ్ల పని: కంప్యూటర్ స్క్రీన్‌షాట్ అంకెల్లో

ఫుల్ హెచ్‌డీ కంప్యూటర్ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. మొత్తం 20,73,600. పాత లాప్‌టాప్‌లలో, చాలా నెట్ సెంటర్లలో ఇప్పటికీ కనిపించే 1366 × 768 తెర మీదైతే 10,49,088. స్క్రీన్‌షాట్ అంటే ఆ క్షణాన ఆ చుక్కలన్నీ ఏ రంగులో ఉన్నాయో రాసిపెట్టిన పట్టిక. ఆ లక్షల చుక్కల్లో ఓ మూల ఉండే రిజిస్ట్రేషన్ నంబరు, ఫీజు రసీదు నంబరు, తేదీ... ఇవే ఉద్యోగార్థికి రేపు అక్కరకొచ్చేవి.

ఈ మాట దిల్‌సుఖ్‌నగర్‌లో చెబితే త్వరగా అర్థమవుతుంది. మలక్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట నడిస్తే రోడ్డుకు రెండు పక్కలా కోచింగ్ సెంటర్ల బోర్డులు, సందుల్లో హాస్టళ్లు, హాస్టళ్ల కింద జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్‌బీ నగర్ మధ్య 16 కిలోమీటర్ల మెట్రో మొదలయ్యాక, సాఫ్ట్‌వేర్ కోర్సుల అమీర్‌పేట, సర్కారు కొలువుల కోచింగ్‌కు పేరున్న దిల్‌సుఖ్‌నగర్ ఒకే రైలు దారిలోకి వచ్చాయి. నోటిఫికేషన్ పడితే ఈ నెట్ సెంటర్లలోనే దరఖాస్తులు నిండుతాయి, హాల్ టికెట్లు దిగుతాయి, ఆన్సర్ కీలు తెరుచుకుంటాయి. ప్రతి మెట్టులోనూ ఎవరో ఒకరు ‘స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో’ అంటారు. ఎలా తీయాలి, ఎక్కడ పెట్టుకోవాలి, ఎన్నాళ్లు ఉంచుకోవాలి అన్నది మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. ఆ లెక్కలే ఇవి.

ఎన్నాళ్లు దాచాలి?

తెలంగాణ గ్రూప్-1నే చూడండి. 503 పోస్టులకు 2022 ఏప్రిల్ 26న నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. అదీ నిలవలేదు. 2024 ఫిబ్రవరి 19న 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబరు 21 నుంచి 27 దాకా మెయిన్స్. తొలి నోటిఫికేషన్ నుంచి మెయిన్స్ చివరి రోజు వరకు రెండున్నరేళ్లు. ఆ తర్వాత ఫలితాలు, కోర్టు వ్యాజ్యాలు.

ఈ రెండున్నరేళ్లలో అభ్యర్థి ఫోన్ మారి ఉండొచ్చు, హాస్టల్ మారి ఉండొచ్చు, దరఖాస్తు నింపిన నెట్ సెంటరే మూతపడి ఉండొచ్చు. కాబట్టి దరఖాస్తుకు సంబంధించిన స్క్రీన్‌షాట్‌ను పరీక్ష రోజు దాకా ఉంచుకుంటే చాలదు. నియామకం పూర్తయి, వివాదాలన్నీ తేలేదాకా అది మీ దగ్గర ఉండాలి.

ఏ మీట నొక్కితే ఎక్కడికి వెళుతుంది?

1981 ఆగస్టులో ఐబీఎం తొలి పీసీని తెచ్చినప్పుడే దాని కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ మీట ఉంది. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే తెర మీది అక్షరాలు నేరుగా ప్రింటర్ కాగితం మీదికి వెళ్లేవి. విండోస్ వచ్చాక ఆ మీట ప్రింటర్‌కు బదులు క్లిప్‌బోర్డుకు పంపడం మొదలుపెట్టింది. నేటి గందరగోళమంతా అక్కడే ఉంది. మీట నొక్కగానే ఫొటో సేవ్ అయిందని చాలామంది అనుకుంటారు. క్లిప్‌బోర్డులో ఉన్నది తాత్కాలికమే. ఎక్కడైనా పేస్ట్ చేసి సేవ్ చేస్తే తప్ప అది ఫైలు కాదు.

విండోస్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన దారులు నాలుగు.

ఒకటి, విండోస్ + ప్రింట్ స్క్రీన్. 2012లో విండోస్ 8తో వచ్చింది. తెర ఒక్కసారి మసకబారి మళ్లీ వెలుగుతుంది. తెర మొత్తం ఫైలుగా మారి పిక్చర్స్ ఫోల్డర్‌లోని స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డర్‌లో దానంతటదే చేరుతుంది. కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీటను కూడా కలిపి నొక్కాలి.

రెండు, ఆల్ట్ + ప్రింట్ స్క్రీన్. అప్పుడు పనిచేస్తున్న ఒక్క విండోనే పట్టుకుని క్లిప్‌బోర్డులో పెడుతుంది. తర్వాత పెయింట్‌లోనో వర్డ్‌లోనో పేస్ట్ చేసి సేవ్ చేసుకోవాలి.

మూడు, విండోస్ + షిఫ్ట్ + ఎస్. 2017లో విండోస్ 10కు వచ్చిన సౌకర్యం. తెరలో కావాల్సిన ముక్కను మౌస్‌తో గీసి తీసుకోవచ్చు. విండోస్ 10లో ఇది క్లిప్‌బోర్డుకే వెళుతుంది, సేవ్ చేయడం మన బాధ్యత. విండోస్ 11లో సెట్టింగ్ మార్చకుండా ఉంటే స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లోనూ ఓ ప్రతి పడుతుంది.

నాలుగు, స్నిప్పింగ్ టూల్‌ను నేరుగా తెరవడం. విండోస్ 11లో 3, 5, 10 సెకన్ల ఆలస్యం పెట్టుకోవచ్చు. మౌస్ కదిలిస్తే మాయమయ్యే మెనూలను పట్టుకోవడానికి ఇదే మార్గం.

యాపిల్ మాక్‌లో కమాండ్ + షిఫ్ట్ + 3 మొత్తం తెరకు, 4 ఒక ముక్కకు, 2018లో వచ్చిన 5 అన్ని ఎంపికలూ ఉన్న పట్టీకి. ఫైలు డెస్క్‌టాప్ మీదికి వస్తుంది. ఉబుంటులో ప్రింట్ స్క్రీన్ మీట ఒక్కటి చాలు.

వీటిలో రసీదులకు ఏది మంచిది? మొదటిదే, మొత్తం తెర. ఎందుకంటే అందులో మూడు సాక్ష్యాలు కలిసి వస్తాయి: పైన వెబ్‌సైట్ చిరునామా, నడుమ రసీదు, కింద కుడి మూలన తేదీ, సమయం. ముక్క కత్తిరించి తీస్తే నడుమది మాత్రమే మిగులుతుంది. తీసే ముందు ఆ గడియారం సరిగా ఉందో లేదో ఓసారి చూడండి. తేదీ తప్పున్న కంప్యూటర్‌లో తీసిన స్క్రీన్‌షాట్ తర్వాత మనల్నే ఇబ్బంది పెడుతుంది.

తెరను ఫోన్ కెమెరాతో ఫొటో తీసే అలవాటు కూడా చాలామందికి ఉంది. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో మూడు నాలుగు ఎంబీలు తూగవచ్చు, అయినా అందులో తెర గీతలు, లైటు మెరుపు, వంకర అంచులే ఎక్కువ. అదే పేజీ స్క్రీన్‌షాట్‌గా 200 కేబీలో అద్దంలా వస్తుంది.

100 ప్రశ్నలు, 34 స్క్రీన్‌షాట్లు

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష టైర్-1లో 100 ప్రశ్నలు. పరీక్ష తర్వాత రెస్పాన్స్ షీట్, ఆన్సర్ కీ వెబ్‌సైట్‌లో పెడతారు. గడువు దాటాక అది దొరకదు కనుక ప్రింట్ తీసుకోవాలని ఎస్ఎస్‌సీయే తన ప్రకటనల్లో చెబుతుంది. చిన్న తెర మీద ఒకేసారి మూడు ప్రశ్నలు కనిపిస్తాయనుకుంటే షీటు మొత్తానికి 34 స్క్రీన్‌షాట్లు తీయాలి. మధ్యలో ఒక్కటి తప్పినా, అభ్యంతరం పెట్టాల్సిన ప్రశ్న అందులోనే ఉండొచ్చు.

దీనికి రెండు తేలిక దారులున్నాయి. ఎడ్జ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్ నొక్కితే పేజీ మొత్తాన్ని, కిందికి జరిపితేగాని కనిపించని భాగంతో సహా, ఒకే బొమ్మగా తీసుకోవచ్చు. ఏ బ్రౌజర్‌లోనైనా కంట్రోల్ + పి నొక్కి, ప్రింటర్ స్థానంలో పీడీఎఫ్‌గా సేవ్ చేసే ఎంపికను తీసుకోవచ్చు. క్రోమ్‌లో హెడర్స్ అండ్ ఫుటర్స్ అనే గడిలో టిక్ పెడితే ప్రతి పేజీ మీదా తేదీ, వెబ్ చిరునామా వాటంతటవే ముద్రితమవుతాయి. పీడీఎఫ్‌లో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి కాబట్టి తర్వాత వెతకడం, కాపీ చేయడం కూడా సులువు. పొడవాటి పేజీకి పీడీఎఫ్, ఒక్క తెరలో ఇమిడే రసీదుకు స్క్రీన్‌షాట్... ఈ విభజన చాలు.

6.2 ఎంబీ 200 కేబీ ఎలా అవుతుంది?

ఒక్కో చుక్క రంగును రాయడానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు బైట్లు కావాలి. 20,73,600ను మూడుతో గుణిస్తే 62,20,800 బైట్లు, అంటే దాదాపు 6.2 ఎంబీ. తెల్లటి దరఖాస్తు పేజీని స్క్రీన్‌షాట్ తీస్తే ఫైలు సాధారణంగా కొన్ని వందల కేబీలే ఉంటుంది. ఆ కుదింపు పీఎన్‌జీ చేసే పని. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 1996 అక్టోబరు 1న ఆమోదించిన పద్ధతి ఇది. వరుసగా ఒకే రంగులో ఉన్న చుక్కలను పొట్టిగా రాసుకుంటుంది, తెరిచినప్పుడు ఒక్క చుక్క తేడా లేకుండా తిరిగి ఇస్తుంది.

1992 నాటి జేపీఈజీ దారి వేరు. అది బొమ్మను 8 × 8, అంటే 64 చుక్కల గడులుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియదనుకున్న వివరాన్ని వదిలేస్తుంది. మనుషుల ఫొటోలకు అది సరిపోతుంది. అక్షరాలకు సరిపోదు, తెలుగు అక్షరాలకు అసలే సరిపోదు. బ్రౌజర్లలో అక్షరం మామూలు సైజు 16 పిక్సెళ్లు. అంత చిన్న చోటులో వత్తుకు, గుడి దీర్ఘానికి దక్కేవి కొద్ది చుక్కలే. వాటి చుట్టూ మసక చేరితే తండ్రి పేరు, ఊరి పేరు చదవడం కష్టమవుతుంది. అంకెల్లో 3, 8 కూడా కలగాపులగం కావచ్చు. అందుకే దాచుకునే అసలు ప్రతి ఎప్పుడూ పీఎన్‌జీలోనే ఉండాలి.

తీసే ముందు బ్రౌజర్‌లో జూమ్‌ను 150 శాతానికి పెంచితే అదే 16 పిక్సెళ్ల అక్షరం 24 పిక్సెళ్లవుతుంది. ప్రింటు తీయించాలనుకునేవారికి ఇది బాగా పనికొస్తుంది. ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు. 1366 చుక్కల తెరను నిండా పరిస్తే అంగుళానికి 165 చుక్కలు పడతాయి, హాయిగా చదువుకోవచ్చు. అందులో సగం ముక్కను కత్తిరించి అదే కాగితం నిండా సాగదీస్తే 83కు పడిపోతుంది. జిరాక్స్ షాపులో ‘ప్రింట్ బాగా రాలేదు’ అనే మాటకు చాలాసార్లు కారణం ప్రింటర్ కాదు, ఈ లెక్క.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిత్రం మళ్లీ కుదించబడుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టే చేరుతుంది. అలా 2 జీబీ దాకా పంపొచ్చు కాబట్టి స్క్రీన్‌షాట్‌కు సైజు అడ్డంకే కాదు.

దరఖాస్తులో అప్‌లోడ్ చేసేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. ఎస్ఎస్‌సీ సంతకాన్ని 10 నుంచి 20 కేబీల జేపీఈజీగా అడుగుతుంది. సంతకాన్ని స్క్రీన్‌షాట్ తీసి నేరుగా ఎక్కించబోతే ఫార్మాట్‌లోనో సైజులోనో తిరస్కరణ తప్పదు. అప్పుడు పీఎన్‌జీని అలాగే ఉంచి, పెయింట్‌లో తెరిచి, సైజు తగ్గించి, వేరే పేరుతో జేపీఈజీగా సేవ్ చేయాలి. అసలు ప్రతి మీద మాత్రం ఎన్నడూ తిరిగి సేవ్ చేయొద్దు.

నెట్ సెంటర్‌లో మిగిలిపోయేవి

అద్దె కంప్యూటర్‌లో స్క్రీన్‌షాట్ తీసినప్పుడు మన పని అయిపోయినా మన వివరాలు అక్కడే ఉండిపోతాయి. ఎక్కడెక్కడ? స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో, డౌన్‌లోడ్స్‌లో, రీసైకిల్ బిన్‌లో. నాలుగోది చాలామందికి తెలియని చోటు: క్లిప్‌బోర్డు హిస్టరీ. 2018 అక్టోబరు నుంచి విండోస్ 10లో ఉన్న ఈ సౌకర్యాన్ని ఆన్ చేసి ఉంచితే, చివరగా కాపీ చేసిన 25 అంశాలు నిలిచి ఉంటాయి. తర్వాత కూర్చున్నవాళ్లు విండోస్ + వి నొక్కితే మీ రసీదు బొమ్మ, మీరు కాపీ చేసిన పాస్‌వర్డ్ వరుసగా కనిపిస్తాయి. లేచే ముందు ఆ జాబితా తెరిచి క్లియర్ ఆల్ నొక్కండి. ఫైళ్లను షిఫ్ట్ + డిలీట్‌తో తీసేయండి, అలా చేస్తే అవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. కంప్యూటర్‌ను ఓసారి రీస్టార్ట్ చేసినా పిన్ చేయని క్లిప్‌బోర్డు అంశాలు పోతాయి.

ఆధార్ నంబరులో 12 అంకెలు. మాస్క్‌డ్ ఆధార్‌లో చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. ఎవరికైనా స్క్రీన్‌షాట్ పంపాల్సి వచ్చినప్పుడు ఆ పద్ధతినే పాటించండి: మిగతావి దాచండి. దాచడమంటే నిండు నల్ల గడి పెట్టడం. హైలైటర్ పెన్నుతో నల్లగా గీకితే, ఫోన్‌లో వెలుతురు పెంచి కింది అంకెలను చదివేయొచ్చు. మసక చేసిన అంకెలను కూడా ఊహించి రాబట్టే పద్ధతులున్నాయి.

కత్తిరించామనుకున్నా కొన్నిసార్లు పోదు. 2023 మార్చిలో సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ అనే ఇద్దరు పరిశోధకులు గూగుల్ పిక్సెల్ ఫోన్ల స్క్రీన్‌షాట్ ఎడిటర్‌లో ఒక లోపాన్ని బయటపెట్టారు. కత్తిరించిన బొమ్మను పాత ఫైలు మీదే సేవ్ చేస్తే, పాత ఫైలు తోక భాగం అలాగే మిగిలి, దాన్నుంచి కత్తిరించిన భాగంలో కొంత తిరిగి రాబట్టవచ్చని చూపారు. ‘ఏక్రాపలిప్స్’ పేరుతో తెలిసిన ఈ లోపం 2018 నుంచి ఉంది. కొద్ది రోజులకే విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ, విండోస్ 10 స్నిప్ అండ్ స్కెచ్‌లోనూ ఇలాంటిదే తేలింది. రెండు సంస్థలూ సరిచేశాయి. అంతకుముందు పంచుకున్న బొమ్మలను మాత్రం ఏ అప్‌డేటూ వెనక్కి తేలేదు. కత్తిరించినదాన్ని ఎప్పుడూ కొత్త ఫైలుగా సేవ్ చేయాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

స్క్రీన్‌షాట్ చూపిస్తే డబ్బు వచ్చినట్టు కాదు

2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐలో 2025 ఆగస్టులో తొలిసారి ఒక్క నెల లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. టీ బండి నుంచి హాస్టల్ అద్దె దాకా చెల్లింపు అయ్యాక ‘స్క్రీన్‌షాట్ పంపు’ అనడం అలవాటైంది. పంపడంలో తప్పులేదు, నమ్మడంలోనే జాగ్రత్త కావాలి. తెర మీది పేరు, మొత్తం, తేదీ ఏ ఎడిటర్‌లోనైనా మార్చగలిగేవే. అచ్చం అలాంటి తెరను సృష్టించే నకిలీ యాప్‌లూ ఉన్నాయి. డబ్బు అందుకోవాల్సినవారు చూడాల్సింది తమ ఖాతాలో జమ అయిందా లేదా అన్నదే. చెల్లించినవారు తమ స్క్రీన్‌షాట్‌లో తప్పక కనిపించేలా చూసుకోవాల్సింది 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు. దరఖాస్తు ఫీజు కట్ అయి, సైట్‌లో ‘పెండింగ్’ అని వస్తే బ్యాంకు అడిగేది ఆ నంబరునే. పచ్చటి టిక్ గుర్తు ఒక్కటే ఉన్న బొమ్మతో ఫిర్యాదు ముందుకు కదలదు.

మోసం చేసే ఉద్దేశంతో ఎలక్ట్రానిక్ రికార్డును ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 336(3) ప్రకారం ఏడేళ్ల దాకా జైలు. మార్కుల మెమో, రసీదు, చెల్లింపు తెర... ఏదైనా సరే, సరదాకు మార్చడం కూడా మంచి అలవాటు కాదు.

ఎల్‌బీ నగర్ కోర్టు మెట్లెక్కితే

రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్‌బీ నగర్‌లోనే ఉన్నాయి. స్క్రీన్‌షాట్ అక్కడిదాకా వెళ్లాల్సి వస్తే నిబంధనలు వేరు. 2000 నాటి ఐటీ చట్టం ద్వారా సాక్ష్యాధారాల చట్టంలో 65బి సెక్షన్ చేరింది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా పెట్టాలంటే ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో స్పష్టం చేసింది. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టి నిరూపిస్తే ఆ అవసరం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఇదే విషయం 63వ సెక్షన్. ధ్రువపత్రానికి రెండు భాగాలు: ఒకటి రికార్డును సమర్పించేవారు, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఫైలు హ్యాష్ విలువ రాయాలి.

హ్యాష్ అంటే ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని తేల్చే గుర్తు. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాలు, అంకెల వరుస. ఫైలులో ఒక్క చుక్క రంగు మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్‌తోనే ఇది తెలుస్తుంది. కాబట్టి గొడవకు దారితీసే విషయమైతే అసలు ఫైలును ముట్టుకోకండి, దాని మీద గీతలు గీయకండి. గొడవ ఏదైనా మెసేజ్ గురించైతే, అది వచ్చిన ఫోన్‌ను, అందులోని సంభాషణను అలాగే ఉంచండి. సైబర్ మోసంలో డబ్బు పోతే స్క్రీన్‌షాట్లన్నీ సర్దుకునేదాకా ఆగొద్దు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆధారాలు తర్వాత జతపరచవచ్చు. డబ్బును దారిలో ఆపగలిగేది ఆ తొలి గంటల్లోనే.

పేరు, చోటు, మూడు ప్రతులు

విండోస్ + ప్రింట్ స్క్రీన్‌తో తీసిన ఫైళ్లకు బ్రాకెట్లలో 1, 2, 3 అని వరుస సంఖ్యలే పేర్లు. రెండేళ్ల తర్వాత 214వ ఫైలు ఏమిటో ఎవరికీ గుర్తుండదు. తీసిన వెంటనే పేరు మార్చండి: ముందు ఏడాది, నెల, తేదీ, తర్వాత పరీక్ష పేరు, చివర విషయం. ‘2024-02-25 గ్రూప్-1 ఫీజు రసీదు’ అని పెడితే ఫోల్డర్‌లో అన్నీ తేదీల వరుసలో నిలబడతాయి. ఒక్కో నోటిఫికేషన్‌కు ఒక్కో ఫోల్డర్ పెట్టుకోండి. అందులో దరఖాస్తు, ఫీజు రసీదు, హాల్ టికెట్, రెస్పాన్స్ షీట్, అభ్యంతరాల రసీదు, ఫలితం... ఈ ఆరు ఉంటే మీ చరిత్ర మీ చేతిలో ఉన్నట్టే.

దాచడానికి ప్రపంచమంతా పాటించే 3-2-1 సూత్రం ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. హాస్టల్ విద్యార్థికి ఇది ఖర్చులేని పని. ఫోన్‌లో ఒకటి, పెన్ డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ ఖాతాలో ఒకటి. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. ఒక్కో స్క్రీన్‌షాట్ 300 కేబీ అనుకుంటే అందులో దాదాపు 50,000 పడతాయి. ఒక ఉద్యోగ ప్రయత్నానికి కావాల్సినవి పదుల సంఖ్యలోనే.

ఊరి నుంచి వచ్చి, నెలనెలా హాస్టల్ ఫీజు కట్టుకుంటూ, ఏళ్ల తరబడి ఒక్క కొలువు కోసం చదివే పిల్లలకు ఒక్క రసీదు దొరకకపోవడం వల్ల అవకాశం చేజారకూడదు. ఈరోజే మీ పాత దరఖాస్తుల స్క్రీన్‌షాట్లను వెతికి తీయండి. చిరునామా, నంబరు, తేదీ కనిపిస్తున్నాయో లేదో చూడండి, పేర్లు మార్చండి, మూడు చోట్ల పెట్టండి. పక్క మంచం మీది స్నేహితుడికీ నేర్పండి.